చూపుడు వేలు చిట్లకుండా ఇరవై ఓవర్లు: నా అనుభవం

2023 మే నెలలో, ఏడేళ్ల తర్వాత మళ్లీ బంతి పట్టాను. కాలేజీ రోజుల్లో హైదరాబాద్ డివిజన్ లీగ్‌లో ఆఫ్‌స్పిన్, అంటే వేళ్లతో బంతిని తిప్పే బౌలింగ్, వేసేవాణ్ని. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పాప. ఆట ఆగిపోయింది. ముప్పై మూడేళ్ల వయసులో పాత క్లబ్ కుర్రాడు ఫోన్ చేసి "అన్నా, మనకు ఆఫ్‌స్పిన్నర్ లేడు, వస్తవా?" అని అడిగాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొదటి శనివారం నెట్స్‌లో 150 బంతులు వేశాను. ఎవరూ వెయ్యమనలేదు. లైన్ కుదిరింది, బంతి గాల్లో తేలి కిందికి దిగుతోంది, ఆపబుద్ధి కాలేదు. అరవయ్యో బంతి దగ్గర చూపుడు వేలి పైకీలు పక్కన, మధ్యవేలి వైపు, వెచ్చగా అనిపించింది. వందో బంతికి మంట మొదలైంది. ఆ మంటను నేను మంచి గుర్తు అనుకున్నాను. వేలు పని చేస్తోంది, బంతి తిరుగుతోంది అని. ఆదివారం పొద్దున్నే మళ్లీ వెళ్లి ఇంకో వంద వేశాను. ఇంటికొచ్చేసరికి చింతగింజంత బొబ్బ లేచింది.

సాయంత్రం దాన్ని గోటితో చిదిపేసి, పైన ఉన్న చర్మం లాగేశాను. అన్నిటికన్నా పెద్ద తప్పు అదే. రాత్రి భోజనానికి కూర్చుని ఆవకాయ అన్నం కలపగానే ప్రాణం పోయినంత పనైంది. కారం, నూనె, ఉప్పు కలిసి ఆ పచ్చి చర్మంలోకి దిగాయి. అమ్మ ఏమీ అడగకుండా లేచి చెంచా తెచ్చి కంచంలో పెట్టింది. తర్వాత రెండు వారాలు చెంచాతోనే తిన్నాను.

ఆ రెండు వారాల మధ్యలోనే మ్యాచ్ వచ్చింది. చర్మం రంగులో ఉండే ప్లాస్టర్ సన్నగా చుట్టుకుని బౌలింగ్‌కి దిగాను. మొదటి బంతి వెయ్యకముందే అంపైర్ పిలిచారు. "వేలికి ఏముంది బాబూ? అది తీసేస్తేనే బౌలింగ్" అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. చేతికి గానీ వేళ్లకు గానీ రక్షణగా ఏది కట్టుకున్నా అంపైర్ల అనుమతి ఉండాలని క్రికెట్ చట్టాల్లో 28వ చట్టం చెబుతుంది. బౌలింగ్ చేసే చేతికైతే ఆ అనుమతి దొరకడం కష్టం. ప్లాస్టర్ జిగురు బంతికి అంటవచ్చు, పట్టు మారవచ్చు. ప్లాస్టర్ తీసి మూడు ఓవర్లు వేశాను. మూడో ఓవర్లో బంతి కుట్టు మీద ఎర్రటి మరక కనిపించింది. బంతి కెప్టెన్ చేతికిచ్చేసి వెళ్లి బౌండరీ దగ్గర లాంగాన్‌లో నిలబడ్డాను. మేము గెలిచామో ఓడామో కూడా ఇప్పుడు గుర్తు లేదు. బంతి ఇచ్చేసి నడిచిన ఆ దూరం మాత్రం గుర్తుంది.

సరిగ్గా అదే జూన్ నెలలో ఎడ్జ్‌బాస్టన్‌లో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల యాషెస్ టెస్ట్. స్పిన్నర్ జాక్ లీచ్ గాయపడటంతో, టెస్టుల నుంచి రిటైరైన ఆఫ్‌స్పిన్నర్ మొయిన్ అలీని ఇంగ్లండ్ వెనక్కి పిలిచింది. 2021 తర్వాత అతను ఎర్రబంతితో, అంటే రోజుల తరబడి సాగే మ్యాచ్‌లు, ఆడలేదు. ఒక్కసారిగా అన్ని ఓవర్లు వేసేసరికి అతని చూపుడు వేలు చిట్లింది. చెయ్యి ఆరడానికి బౌండరీ దగ్గర స్ప్రే వాడితే, ముందుగా అంపైర్ల అనుమతి తీసుకోలేదని మ్యాచ్ ఫీజులో 25 శాతం కోత పడింది. అంతకు నాలుగు నెలల ముందు నాగపూర్‌లో రవీంద్ర జడేజాకూ ఇలాగే జరిగింది. ఐదు వికెట్లు తీసిన రోజే, వాచిన వేలికి నొప్పి తగ్గే క్రీమ్ రాసుకున్నందుకు అంతే జరిమానా. అతను వైద్యం కోసమే రాసుకున్నాడని, బంతి స్వరూపం మార్చలేదని అధికారులే ఒప్పుకున్నారు. అయినా అడగకుండా రాసుకోవడం తప్పే అన్నారు.

నా వేలికి గుడ్డ చుట్టుకుని టీవీలో మొయిన్ వేలు క్లోజప్‌లో చూస్తుంటే ఒక విషయం తట్టింది. అతనికి ఫిజియోలు, డాక్టర్లు, కావలసినంత మంది ఉన్నారు. అంతమంది ఉన్నా చర్మాన్ని రెండు రోజుల్లో తయారు చెయ్యలేకపోయారు. అంటే మ్యాచ్ రోజు ఏం రాసుకోవాలి అని నేను వెతుకుతున్నది తప్పు ప్రశ్న. చర్మం గట్టిపడటానికి వారాలు పడుతుంది. ఆ వారాలు నేను దానికి ఇవ్వలేదు.

చిన్నప్పుడు నాకు ఆట నేర్పిన సర్ దగ్గరికి వెళ్లాను. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. మన దేశానికి ఆఫ్‌స్పిన్ వేసిన గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ పుట్టిన ఊరు ఇది, ఇక్కడ ఆఫ్‌స్పిన్ వేసేవాడు వేలి గురించి తెలియదనకూడదు అని చిన్నప్పుడే కోప్పడేవారు. శివలాల్ 35 టెస్టుల్లో 102 వికెట్లు తీశారని మాకు ఎక్కాల్లా అప్పజెప్పించేవారు. ఇప్పుడు నా వేలు చూడలేదు ఆయన. "బంతి పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. నా బొటనవేలి గోరు వైపు చూపించి "ఇది తెల్లబడింది చూడు" అన్నారు.

నిజమే. బొటనవేలితో బంతిని అంత గట్టిగా నొక్కుతున్నాను. ఆఫ్‌స్పిన్‌లో చూపుడు వేలు, మధ్యవేలు కుట్టుకు అడ్డంగా విప్పి పెడతాం. కింద ఉంగరపు వేలు ఆనిక. బొటనవేలు ఊరికే తాకుతూ ఉండాలి. అది నొక్కితే బంతి చూపుడు వేలి మీదికి ఒత్తుకుంటుంది. వదిలేటప్పుడు కుట్టు తేలిగ్గా జారిపోకుండా చర్మాన్ని పట్టి ఈడ్చుకుపోతుంది. బంతి బరువు 163 గ్రాములు మించదు. బరువు వల్ల వేలు పాడవదు, ఆ ఈడ్పు వల్ల పాడవుతుంది. పైగా మనం ఆడే ఎస్‌జీ బంతికి కుట్టు చేత్తో వేస్తారు, బాగా పైకి లేచి ఉంటుంది. పట్టు దొరకడానికి అదే కారణం, వేలి తోలు లేవడానికీ అదే. ఇరవై ఓవర్లంటే 120 సార్లు, అరంగుళం కూడా లేని ఒకే చోట ఆ కుట్టు రాసుకుంటుంది.

"గోరు గులాబీ రంగులో ఉండగానే బంతి వదలడం నేర్చుకో" అన్నారు సర్. పది రోజులు నేను చేసింది అదొక్కటే. ఆఫీసులో మీటింగ్ నడుస్తుంటే టేబుల్ కింద బంతి పట్టుకుని గోరు చూసుకునేవాణ్ని. మొదట్లో బంతి జారిపోయింది, తర్వాత అలవాటైంది. వేళ్లు మరీ వెడల్పుగా చాపడం కూడా కొంచెం తగ్గించాను. నా చెయ్యి చిన్నది. ఇరవై ఏళ్లప్పుడు చాపినంత ఇప్పుడు చాపితే కీలుకు భారం.

చర్మం డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లాను. వెళ్లకుండా ఉంటే ఇంకో సీజన్ పోయేది. ఆవిడ చెప్పిన మొదటి మాట, బొబ్బ పైచర్మం లాగొద్దని. కింద కొత్త చర్మం వచ్చేదాకా అదే కట్టు. నీరు బాగా నిండి నొప్పి పెడితే శుభ్రమైన సూదితో క్లినిక్‌లోనే తీయించుకోవాలి. రెండో మాట నాకు కొత్త. వేలికి కాయ కాచినంత మాత్రాన గండం గడిచినట్టు కాదట. కాయ మందంగా, ఎండిపోయి, గట్టు కట్టినట్టు ఉంటే కుట్టు ఆ గట్టు అంచునే పట్టుకుంటుంది. అప్పుడు చిట్లేది పైచర్మం కాదు, కింద లోతుగా చిట్లుతుంది. మా నాన్నకు పొలం పనుల వల్ల అరచేతుల్లో కాయలుండేవి. వేసవిలో అవి పగిలి రక్తం రావడం చిన్నప్పుడు చూశాను. ఆవిడ చెబుతుంటే అవే కళ్ల ముందు మెదిలాయి.

కాయ ఉండాలి, నున్నగా ఉండాలి, కొంచెం సాగాలి. దానికి నేను చేస్తున్నది ఇది. వారానికి రెండు రాత్రులు, స్నానం అయ్యాక, పాదాలు రుద్దుకునే రాయి చిన్న ముక్కతో కాయ అంచుల్ని నెమ్మదిగా అరగదీస్తాను. పూర్తిగా తీసెయ్యను. వేలితో తడిమితే గట్టు తగలకూడదు, అంతే. తర్వాత డాక్టర్ రాసిచ్చిన యూరియా క్రీమ్. పొలంలో చల్లే యూరియా పేరు విని మొదట కంగారుపడ్డాను గానీ, చర్మంలో తేమ నిలపడానికి దాన్ని తక్కువ మోతాదులో వాడతారట. క్రీమ్ అయిపోయిన రోజు కొబ్బరినూనె. ఇదంతా రాత్రిపూటే. బౌలింగ్ ఉన్న రోజు పొద్దున్న వేలికి ఏమీ రాయను. మెత్తబడితే మళ్లీ బొబ్బే.

నానడం గురించి కూడా చెప్పాలి. శనివారం పొద్దున్న గిన్నెలు తోమడం నా వంతు. అరగంట నీళ్లలో ఉన్న వేలితో నేరుగా గ్రౌండ్‌కి వెళ్లిన రోజుల్లోనే మంట తొందరగా మొదలవుతోందని నెల తర్వాత గమనించాను. ఇప్పుడు ఆ పని సాయంత్రానికి మార్చుకున్నాను. మే, జూన్‌లలో చెమట కూడా అంతే నష్టం చేస్తుంది. జేబులో పొడి చేతిరుమాలు ఒకటి చేతికోసమే ఉంచుకుంటాను, ముఖం తుడుచుకోవడానికి వేరే.

పాతకాలం వాళ్లు వాడే టింక్చర్ బెంజాయిన్ సర్ చెబితే తెచ్చాను. మూత తీస్తే ఇల్లంతా సాంబ్రాణి వాసన. దాన్ని చేసేదే సాంబ్రాణి జిగురుతో. చిట్లని చర్మం మీద, ప్రాక్టీస్ లేని రోజుల్లో పూసి చూశాను. కొంచెం గట్టిపడినట్టే అనిపించింది గానీ నాకు అది తప్పనిసరి అనిపించలేదు. కొందరికి దురద, దద్దుర్లు వస్తాయి కాబట్టి ముందు ముంజేతి మీద చుక్క వేసి చూసుకోవాలి. బంతికి అంటే జిగట అది, మ్యాచ్ రోజు దాని జోలికి పోవద్దు.

వీటన్నిటి కంటే నన్ను నిలబెట్టింది ఒక చిన్న నోట్‌బుక్. జులైలో చర్మం పూర్తిగా మానాక మళ్లీ మొదలుపెట్టాను. మొదటి వారం రోజుకు 36 బంతులు, వారంలో మూడు రోజులు. తర్వాత వారం 48. ఆ పైవారం 60. అలా వారానికి రెండేసి ఓవర్లు పెంచుకుంటూ ఆరో వారానికి 96కి వచ్చాను. మొదటి మూడు వారాలు కుట్టు అణిగిపోయిన పాత బంతితోనే. నాలుగో వారం నుంచి చివరి 24 బంతులు కొత్తదానితో. ప్రతి 24 బంతులకు పది నిమిషాలు ఆపి ఫీల్డింగ్ చేసేవాణ్ని. వేలు వెచ్చబడితే ఎన్నో బంతి దగ్గర అన్నది రాసుకుని ఆ రోజుకు అక్కడితో ఆపేశాను. మూడో వారం 44వ బంతి దగ్గర వెచ్చబడింది, ఆపేశాను. ఐదో వారం 84 దాకా ఏమీ లేదు. ఆ రెండు అంకెలు పక్కపక్కన చూసుకున్నప్పుడు కలిగిన సంతోషం వికెట్ తీసినప్పటి దానికి తక్కువేమీ కాదు.

36 బంతులు వేసి ఇంటికి వెళ్లడం చాలా కష్టం. ఒళ్లు వేడెక్కేసరికే లెక్క అయిపోతుంది. పక్క నెట్‌లో కుర్రాళ్లు వేస్తూనే ఉంటారు. "అప్పుడే అయిపోయిందా అన్నా?" అంటారు. ఆ మొదటి రెండు వారాలు దాటితే చాలు, తర్వాత దారి దొరుకుతుంది. మధ్యలో ఏ పండగకో పదిహేను రోజులు మానేస్తే మాత్రం మళ్లీ 60 దగ్గర మొదలుపెడతాను. చర్మం కాచినంత తొందరగానే మెత్తబడుతుంది.

ఇంకొక నొప్పి ఉంది, దాన్ని దీంతో కలపకూడదు. చర్మం నొప్పి బంతి వేసేటప్పుడు చురుక్కుమంటుంది, బంతి పక్కన పెడితే తగ్గుతుంది. కీలు నొప్పి మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు పట్టుకున్నప్పుడు తెలుస్తుంది. సలుపుతుంది, వేలు మడిస్తే బిగుసుకున్నట్టు ఉంటుంది, కొన్నిసార్లు వాస్తుంది. 1956లో ఒకే టెస్టులో 19 వికెట్లు తీసిన ఇంగ్లండ్ ఆఫ్‌స్పిన్నర్ జిమ్ లేకర్‌ను కూడా ఆట చివరి రోజుల్లో ఆ చూపుడు వేలి కీలే వేధించింది. నాకు ఆగస్టులో ఒకసారి అలా అయింది. దానికి ఏ రాయీ ఏ క్రీమూ పనికిరావు. పది రోజులు బంతి ముట్టలేదు. ఎముకల డాక్టర్ చూసి వాపు తప్ప మరేమీ లేదన్నాక, మళ్లీ నోట్‌బుక్‌లో 48 దగ్గర మొదలుపెట్టాను.

సెప్టెంబరు చివర్లో ఒక రెండురోజుల మ్యాచ్‌లో 21 ఓవర్లు వేశాను. పద్నాలుగో ఓవర్ తర్వాత అంపైర్ తనంతట తానే నా చెయ్యి చూపించమన్నారు. జూన్‌లో ప్లాస్టర్ తీయించింది ఆయనే. వేలు తిప్పి చూసి, ఏమీ అనకుండా బంతి నా చేతిలో పెట్టారు. వికెట్లు రెండే వచ్చాయి. వేలు ఎర్రబడింది గానీ చిట్లలేదు. ఆ రాత్రి చెంచా అవసరం రాలేదు.

చలికాలం సంగతి వేరే. డిసెంబరులో హైదరాబాద్ గాలికి కాయ తొందరగా ఎండుతుంది, మొదటి ఏడాది ఆ నెలలోనే అంచున సన్నటి పగులు వచ్చింది. అప్పటి నుంచి దీపావళి దాటగానే క్రీమ్ ప్రతి రాత్రీ రాస్తున్నాను, రాయి వాడటం వారానికి ఒక్కసారికి తగ్గించాను. నోట్‌బుక్ ఇప్పుడు రెండోది నడుస్తోంది. మొన్న మంగళవారం 102 బంతులు వేశాను, 90 దగ్గర కొంచెం వెచ్చబడింది. గురువారం 72తో ఆపాలి.