తొమ్మిదడుగుల కర్ర, తొమ్మిది గ్రాముల లైను

ఆదివారం. రాత్రి పది దాటింది.

కుడి ముంజేయి సలుపుతోంది. పెన్ను పట్టుకుంటే బొటనవేలి మొదట్లో చురుక్కుమంటోంది. ఇంతా చేసి ఈ రోజు పట్టిన చేపలు సున్న. అసలు నీటి దరిదాపులకే పోలేదు. మూడు గంటల సేపు పచ్చిక మీద నిలబడి గాలిలోకి లైను, అంటే గాలపు దారం, విసిరి వచ్చాను.

ఫ్లై ఫిషింగ్, అంటే ఉత్తుత్తి ఈగను ఎరగా వేసి చేపలు పట్టడం, నేర్చుకోవాలన్న కోరిక పుట్టి నెల దాటింది. ఆ నెలంతా నేను చేసింది ఏ రాడ్, అదే గాలపు కర్ర, కొనాలా అని తల బద్దలు కొట్టుకోవడమే. ఈ డైరీ వెనక పేజీల్లో వేసుకున్న పట్టిక చూస్తే ఇప్పుడు నవ్వొస్తోంది. పొడవు, నంబరు, ముక్కలు, బిరుసు, మళ్లీ వాటి మీద కొట్టివేతలు. చివరికి రెండు గీతలు గీసి మరీ తేల్చుకున్నది: ‘8వ నంబరు, బాగా బిరుసైనది’. చిన్న చేపకైనా పెద్ద చేపకైనా అదొక్కటే సరిపోతుందని నా లెక్క.

ఉదయం మిత్రుడు ఆ లెక్కను ఒక్క ప్రశ్నతో చెరిపేశాడు.

“ఏ చేప కోసం?”

“ట్రౌట్. మొదట చిన్న ఏరుల్లో.”

“పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా?” అని నవ్వి, మూడు గొట్టపు పెట్టెలు చంకన పెట్టుకుని పచ్చిక వైపు నడిచాడు. మూడూ 5వ నంబరువే. 8 తేనే లేదు.

ఆ నంబరు రాడ్ బరువు అనుకుంటూ చాలా రోజులు గడిపాను. కాదు, అది రాడ్ విసరగల లైను బరువు. మామూలు గాలంలో ఎరకో సీసపు గుండుకో బరువు ఉంటుంది. అది ముందుకు దూకితే దారం దాని వెంట పోతుంది. ఇక్కడ ఎర అంటే కొక్కేనికి ఈకలు చుట్టి కట్టిన ఉత్తుత్తి ఈగ. దాన్ని చేత్తో విసిరితే కాళ్ల దగ్గరే రాలుతుంది. అందుకని బరువును లైనులోనే పెట్టారు. లైను కొస నుంచి మొదటి 30 అడుగులు తూచి దానికి నంబరు ఇస్తారు: 3కు 100 గ్రెయిన్లు, 5కు 140, 8కి 210. 140 గ్రెయిన్లంటే సుమారు 9 గ్రాములు. అంతే! ఆ తొమ్మిది గ్రాములను సరిగ్గా సాగనంపడానికే తొమ్మిదడుగుల కర్ర, ఈ నెల రోజుల నా నిద్రలేమి.

ఈగకు బదులు ఎర్ర ఉన్ని పోగు కట్టుకున్నాం. కొక్కెం ఉంటే నా చెవి నాకు దక్కేది కాదు.

ముందు బిరుసు రాడ్డే అడిగి తీసుకున్నాను. కార్బన్‌ది, పైన మూడో వంతు మాత్రమే వంగుతుంది. చేతిలో ఉంటే గొప్పగానే ఉంది, విసిరితేనే వచ్చింది చిక్కు. లైను వెనక్కి వెళ్లి పూర్తిగా విచ్చుకునే దాకా ఆగాలి, అప్పుడే ముందుకు కొట్టాలి. నేను ఆగను. బస్సు దగ్గరా ఆగను, ఇక్కడా ఆగలేదు. కొరడా ఝళిపించినట్టు ‘ఛట్’మంది. “ఆ చప్పుడు వినిపిస్తే ఒక ఈగ పోయినట్టే,” అన్నాడు మిత్రుడు. చూస్తే నిజంగానే ఉన్ని పోగు లేదు. రెండోది కట్టాను. ఈసారి లైను కుప్పగా వచ్చి నా మెడ మీదే పడింది. మూడోసారి ఏకంగా రాడ్ పైముక్కే ఊడి బల్లెంలా ఎగిరి గడ్డిలో దిగబడింది. తొందరలో అతుకు గట్టిగా బిగించలేదు మరి. ముక్కలు కలిపేటప్పుడు లైను దూరే ఉంగరాలన్నీ ఒకే వరుసలోకి వచ్చేలా తిప్పుతూ నొక్కాలట, మధ్యమధ్య తడిమి చూసుకుంటూ ఉండాలట. ఆ పాఠం ముక్క ఎగిరాక చెప్పాడు.

తర్వాత పాత ఫైబర్‌గ్లాస్ రాడ్ ఇచ్చాడు. పట్టుకున్న పిడి దాకా వంగుతుంది. చూడటానికి మందకొడిగా ఉంటుంది కానీ, దాని దగ్గర ఒక సుగుణముంది. వెనక లైను విచ్చుకోగానే దాని బరువు అరచేతిలో చిన్న లాగుడుగా తెలుస్తుంది. ‘ఇప్పుడు’ అని కర్రే చెబుతుంది. పదిసార్లు విన్నాక పదకొండోసారి ఉన్ని పోగు పాతికడుగుల దూరాన, అనుకున్న చోటే, చప్పుడు లేకుండా వాలింది. మిత్రుడు ఏమీ అనలేదు. నేను మాత్రం అటూ ఇటూ చూశాను, ఎవరైనా చూశారేమోనని.

మూడోది మధ్యరకం, మళ్లీ కార్బన్. సగం దాకా వంగుతుంది. ఆ లాగుడు ఇందులోనూ తెలిసింది, కాస్త సన్నగా.

అక్కడ కూర్చుని నీళ్లు తాగుతుంటే నా పట్టిక గుర్తొచ్చింది. నడుము లోతు నదిలో నిలబడి, ఎదురుగాలికి 70 అడుగుల లైను పంపే ఒక మనిషి కోసం వేసిన పట్టిక అది. ఆ మనిషెవరో నాకు తెలియదు. చిన్న ఏట్లో ట్రౌట్ ఉండేది ముప్ఫై నలభై అడుగుల లోపే. నా దగ్గరున్నది ఆగడం చేతకాని ఒక చెయ్యి. రాడ్ కొనాల్సింది దానికి.

కాబట్టి ఖాయం: 9 అడుగులు, 5వ నంబరు, మధ్యరకం, నాలుగు ముక్కలది. ఫైబర్‌గ్లాస్ మీద మనసు పోయింది కానీ, చివర్లో గాలి లేచేసరికి దానితో నా లైను దారి తప్పింది. నాలుగు ముక్కలెందుకంటే విప్పితే ఒక్కొక్కటి రెండడుగుల పైచిలుకే, మోయడం తేలిక. విప్పి పెట్టెలో పెట్టకుండా వదిలేస్తే కారు తలుపు సందులో నలిగి విరుగుతాయట. చేప లాగి విరిచిన రాడ్ల కన్నా తలుపులు విరిచినవే తనకు ఎక్కువ తెలుసన్నాడు. కార్బన్‌లో కరెంటు పారుతుంది కనుక తీగల కింద, పిడుగులప్పుడు ఎత్తి పట్టుకోకూడదని కూడా చెప్పాడు. ఇది పట్టికలో లేనే లేదు.

రీలు గురించి వారం చదివాను. చిన్న ట్రౌట్‌కు అది దాదాపు లైను చుట్టి పెట్టుకునే కండె మాత్రమేనట. డబ్బు మిగిలితే లైనుకు పెట్టమన్నాడు, ముందువైపు బరువుండి నీటి మీద తేలే రకం, 5వ నంబరుదే.

వెదురు రాడ్ ఒకటి ఎప్పుడో చూశాను. త్రికోణంగా చెక్కిన ఆరు బద్దలు అతికించి, ఆరు పలకల కర్రగా చేస్తారు. తేనె రంగు. ఆ ఊసు ఈ పేజీలో ఇంతటితో ఆపాలి, లేకపోతే మళ్లీ పట్టిక మొదలవుతుంది.

సుమారు 1800 ఏళ్ల కిందట ఒక రోమన్ రచయిత మాసిడోనియా జాలర్ల గురించి రాశాడు. కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు రెండు తగిలించి, ఆరడుగుల కర్రకు ఆరడుగుల దారం కట్టి చేపలు పట్టేవారట. నంబరు లేదు, బిరుసు లేదు. అదృష్టవంతులు.

ఇందాక స్నానానికి చొక్కా విప్పితే కాలరు వెనక చెమటకు అంటుకుని ఏదో కనబడింది. ఉదయం ‘ఛట్’మని పోయిన మొదటి ఉన్ని పోగు.