తలా పదిహేనొందల్లో భువనేశ్వర్

ఇదంతా మా లెక్కలోడి వల్ల మొదలైంది. శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర టీ తాగుతూ ఫోన్లో ఏదో చూస్తూ "ఒరే, మనకి విజయవాడ కన్నా భువనేశ్వర్ దగ్గర్రా" అన్నాడు. ఎవడూ నమ్మలేదు. చూస్తే నిజమే, మా రైల్వే స్టేషన్ ఆమదాలవలస నుంచి విజయవాడ రైల్లో సుమారు 480 కిలోమీటర్లు, భువనేశ్వర్ 310 చిల్లర. అంటే మన రాజధాని కన్నా పక్క రాష్ట్రం రాజధాని దగ్గర, అయినా ఇన్నేళ్ళలో మాలో ఒక్కడూ పూరీ వెళ్ళేటప్పుడు కిటికీలోంచి తప్ప ఆ ఊరు చూడలేదు. ఇంకేటి, రెండో శనివారం సెలవు, నలుగురం, తలా పదిహేనొందలు దాటకూడదు అని అక్కడే ఒట్టు పెట్టుకున్నాం.

నలుగురంటే నేను (ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్తాను, అందుకే మధ్యలో క్లాసు పీకితే ఏమనుకోకండి), లెక్కలోడు, ఒరియా వచ్చిన సోంపేటోడు, పలాసోడు. పేర్లెందుకులెండి, ఇళ్ళల్లో చదువుతారు.

శుక్రవారం రాత్రి మా అమ్మ పులిహోర కట్టింది, ఎంత అంటే నలుగురికి కాదు బోగీకి సరిపడా. వెళ్ళేటప్పుడు స్లీపర్ తీశాం, రెండొందలు దాటింది, లెక్కలోడు అప్పుడే మొహం మాడ్చాడు. తెల్లారకుండానే దిగిపోయాం. ఆ టైములో రూమ్ తీస్తే ఒక రోజు అద్దె ఎక్స్‌ట్రా పడుద్దని స్టేషన్లోనే కూర్చున్నాం, దోమలు మాత్రం టికెట్ అడక్కుండా మీదెక్కేశాయి. తెల్లారాక అక్కడే డబ్బులిచ్చి స్నానాలు చేసి, బ్యాగులు క్లోక్ రూములో పడేసి బయటికొస్తే తోపుడుబండి మీద బరా, గుగుని. బరా అంటే మన గారే, కాకపోతే చట్నీ బదులు బఠాణీ కూర పోస్తారు. సోంపేటోడు "కేతే?" అని రేటు అడిగాడు, బండి ఆయన వాడి మొహం చూసి "ముప్పై రూపాయలు బాబూ" అన్నాడు తెలుగులో. బరంపురం ఆయనంట. వాడి ఒరియా పరువు అక్కడే పోయింది, రెండు రోజులూ అదే ఎక్కించాం.

ఫస్ట్ ఉదయగిరి. సిటీ బస్సెక్కి వెళ్ళాం, పాతిక రూపాయల టికెట్. కొండ పెద్దదేం కాదు, రాతిలో తొలిచిన గుహలు, జైన సన్యాసుల కోసం రెండువేల ఏళ్ళ కింద తొలిపించినవి. రాణీ గుంఫా అని రెండంతస్తులది ఒకటుంది, పులి నోరు తెరిచినట్టు ఇంకోటి, అందులో కూర్చుని అందరూ ఫోటో దిగుతారు, మేమూ దిగాం. కానీ నేను వెళ్ళింది హాథీగుంఫా కోసం. గుహ నుదుటి మీద కళింగ రాజు ఖారవేలుడి శాసనం, 17 లైన్లు, బ్రాహ్మీ లిపిలో ప్రాకృతం. కింద నుంచి చూస్తే చీమలు పాకినట్టుంటాది, సగం అరిగిపోయింది. అందులో ఏముందో నేను ముందే చదువుకుని వచ్చాను కాబట్టి బిల్డప్ ఇచ్చి చెప్పాను, ఈ రాజు పట్టాభిషేకమైన మొదటి ఏడు చేసిన పని యుద్ధం కాదురా, గాలివానకి పడిపోయిన కళింగనగరి గోడలు, గుమ్మాలు, ఇళ్ళు బాగు చేయించాడు అని.

పలాసోడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మొదటి ఏడేనా?" అన్నాడు.

వాళ్ళ నాన్నది జీడితోట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి ఒక్క రాత్రిలో చెట్లన్నీ వేళ్ళతో సహా పడుకోబెట్టేసింది. జీడి అంటే వరి కాదు కదా, ఈ ఏడు పోతే వచ్చే ఏడు వేసుకోడానికి, మళ్ళీ మొక్క పెట్టి అది గట్టిగా కాపు కాయాలంటే ఏళ్ళు పడతాది. వాళ్ళ నాన్న ఆ ఏడే ఫ్యాక్టరీలో గింజలు కొట్టే పనికి వెళ్ళాడు, తోట ఓనరు. ఇదంతా మాకు తెలుసు, కానీ వాడు మాతో ఎప్పుడూ అనలేదు. ఆ రాయి కింద నుంచుని అన్నాడు, "సూడు, తుఫాను సంగతి రాయి మీద రాయించుకున్నాడు, మాది కాయితం మీద కూడా సరిగ్గా రాయలేదు". తర్వాత మళ్ళీ మామూలుగా కొండముచ్చులకి పులిహోర పెట్టబోయి వాచ్‌మేన్ చేత తిట్లు తిన్నాడు.

మధ్యాహ్నం భోజనం గురించి చెప్పాలి, ఎందుకంటే మొత్తం ట్రిప్పులో డబ్బులకి న్యాయం జరిగింది అక్కడే. పాత ఊర్లో బిందుసాగర్ అని పెద్ద చెరువు, దాని గట్టున అనంత వాసుదేవ గుడి. 13వ శతాబ్దంలో చంద్రికాదేవి అనే గంగ వంశం ఆడపడుచు కట్టించింది. దాని వంటశాలలో మట్టికుండల్లో కట్టెల మీద వండి దేవుడికి పెట్టాక అమ్ముతారు, అబఢా అంటారు. నేల మీద కూర్చుంటే ఆకులో అన్నం, దాల్మా (పప్పులో కూరగాయలు, మన సాంబారుకి చుట్టం, పులుపు మాత్రం లేదు), ఆకుకూర, తియ్యటి పుల్లటి ఖట్టా. ఉల్లి వెల్లుల్లి ఉండవు. ఉల్లిపాయ లేనిదే ముద్ద దిగని లెక్కలోడు రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. హోటల్లో అయితే నలుగురికి అయ్యే దాంట్లో సగం కూడా కాలేదు.

లింగరాజ గుడికి వచ్చేసరికి చిన్న ఇబ్బంది. లోపలికి హిందువులకే ప్రవేశం, మా లెక్కలోడు ఆదివారం చర్చికి వెళ్ళేవాడు. "మీరెల్లండ్రా, నాను సెప్పులు కాస్తాను, స్టాండు డబ్బులు మిగులుతాయి" అన్నాడు నవ్వుతూ, నవ్వు పెద్దగా బాలేదు. గోడ బయట ఒక అరుగుంది, బ్రిటిష్ వైస్రాయ్ కర్జన్ కాలంలో బయటి వాళ్ళు చూడ్డానికి కట్టింది. నలుగురం అదే ఎక్కాం. నిజం చెప్పాలంటే ఆ గోపురం, సుమారు 180 అడుగులు, అంత పొడుగూ అక్కణ్ణించే బాగా కనపడుతుంది, లోపల క్యూలో మెడ ఎత్తినా కనపడదు.

సాయంత్రం ముక్తేశ్వరం. చిన్న గుడి, ముందు రాతి తోరణం, ఎండ దిగేటప్పుడు రాయి ఎర్రగా కాలినట్టుంటాది. అక్కడే సోంపేటోడు "ఇదేటిరా మన ముఖలింగంలాగున్నాది" అన్నాడు. ఉండదా మరి. రెండూ కళింగ పద్ధతే. గంగరాజుల కళింగనగరం అంటే మన శ్రీముఖలింగమే, వంశధార ఒడ్డున, కార్తీకమాసంలో మనం టెంపోలో వెళ్ళొచ్చే ఊరు. అనంతవర్మ చోడగంగ రాజధానిని అక్కణ్ణించి ఎత్తేసి కటక్ తీసుకుపోయాడు, పూరీ జగన్నాథుడి గుడి మొదలెట్టింది కూడా ఆయనే. ఆ కటక్ నుంచి 1948 తర్వాత రాజధాని భువనేశ్వర్ వచ్చింది, కోనిగ్స్‌బెర్గర్ అని జర్మనీ ఆయన ప్లాను గీశాడు. ఇదంతా చెప్తే లెక్కలోడు "అంటే రాజధాని మన జిల్లాలోంచే పోయిందన్నమాట, మనోళ్ళకి ఇది కొత్త కాదన్నమాట" అన్నాడు. క్లాసులో ఒక్కడైనా ఇంత బేగి అర్థం చేసుకుంటే ఎంత బావుణ్ణు.

రాత్రి ధర్మశాలలో ఆరొందలకి ఒక రూము, నలుగురం అడ్డంగా పడుకున్నాం. ఆదివారం పొద్దున్న ధౌళి కొండ. అశోకుడి శాసనం, పైన రాతిలోంచి ఏనుగు ముందు సగం బయటికొస్తున్నట్టు చెక్కారు. కళింగ యుద్ధం చేసి బాధపడ్డానని చెప్పిన శాసనం, 13వది, ఇక్కడ లేదు. వేరే చోట్ల రాయించాడు, దెబ్బలు తిన్న మన కళింగోళ్ళకి మాత్రం దాని బదులు "మీరు నా పిల్లలు" టైపులో వేరేది పెట్టాడు. సారీ అందరికీ చెప్పి, దెబ్బలు తిన్నోడికి చెప్పకపోవడం. నాకు ఏనుగు కన్నా అదే గుర్తుండిపోయింది.

తిరుగుబండి జనరల్. చిలికా సరస్సు చూడాలంటే వచ్చేటప్పుడు ఎడమ పక్క కిటికీ పట్టుకోండి, బాలుగావ్ దాటాక నీళ్ళు పట్టాల దగ్గరికే వచ్చేస్తాయి. మాకు కిటికీ దొరకలేదు, ఒక ముసలమ్మ తన మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుని పలాసోడికి చోటిచ్చింది, వాడు చూసి మాకు చెప్పాడు, పడవలు, పక్షులు, ఇంకో పడవ అని కామెంటరీ.

బండి మూడు గంటలు లేటు. ఆమదాలవలసలో దిగేసరికి రాత్రి పదిన్నర, షేరాటోలు అయిపోయాయి. ఉన్న ఒక్కడూ టౌనుకి ఐదొందలన్నాడు. 13 కిలోమీటర్లు. లెక్కలోడు బేరమాడి బేరమాడి, ఆఖరికి ఎక్కి కూర్చుని ఫోన్ తీసి లెక్క రాశాడు, ఆటో తలా 125. పై లైన్లో భువనేశ్వర్ నుంచి రైలు టికెట్ కూడా ఇంచుమించు అంతే ఉంది. వాడు ఆ రెండు లైన్లూ చాలాసేపు చూసి, ఏమనకుండా ఫోన్ జేబులో పెట్టేశాడు.