అత్తయ్య బయాప్సీ బ్లాకు

అమలాపురం దగ్గరి మా ఊళ్ళో 78 ఏళ్ళ వయసులోనూ కొబ్బరి దింపుల లెక్క స్వయంగా చూసుకునే మా మేనత్తకు నీరసం, ఆయాసం పట్టుకున్నప్పుడు అందరూ దాన్ని వయసు మీదికే నెట్టారు. రక్తం తగ్గిందని ఐరన్ మాత్రలు ఇచ్చారు. మలం నల్లగా వస్తోందని ఆవిడ చెబితే ఆ మాత్రల వల్లేనన్నారు. ఐరన్‌తో మలం నల్లబడే మాట నిజమే గాని, కడుపులో రక్తం కారుతున్నా అలాగే అవుతుంది; మాత్రలు మొదలుపెట్టకముందు నుంచే అలా వస్తోందని ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రాసుకోలేదు. ఆ క్రమమంతా నేను తేదీలతో ఒక కాగితం మీద రాసి డాక్టరుగారి ముందు పెట్టిన తరవాతే ఎండోస్కోపీ, ఆపైన సీటీ స్కాన్ జరిగి, జీర్ణాశయం గోడలో పెద్ద కణితి బయటపడింది.

కణితి నుంచి చిన్న ముక్క తీసి చేసిన బయాప్సీ రిపోర్టులో 'స్పిండిల్ సెల్ ట్యూమర్' అని మాత్రమే ఉంది. కణాలు సన్నగా, పొడుగ్గా కనిపిస్తున్నాయని చెప్పే వర్ణనే తప్ప అది వ్యాధి నిర్ధారణ కాదు. అటువంటి కణాలు కండరాల కణితుల్లోనూ, నరాల కణితుల్లోనూ, ఏటా పది లక్షల మందిలో సుమారు 10 నుంచి 15 మందికి మాత్రమే వచ్చే జిస్ట్ అనే కేన్సర్‌లోనూ ఉంటాయి. దేని వైద్యం దానిదే. అయినా అక్కడి సర్జన్ "ఈ వయసులో ఆవిణ్ణి ఎందుకండీ బాధపెట్టడం, ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి" అన్నారు. జబ్బు ఏదో తేలకముందే వయసును జవాబుగా చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

పరీక్షకు తీసిన ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మను బ్లాకు అంటారు. దాన్నీ స్లైడ్లనీ అడిగి తీసుకొని మరో ల్యాబులో పరీక్ష చేయించుకోవచ్చు. అందుకు అత్తయ్య సంతకంతో అర్జీ కావాలన్నారు. విషయం చెప్పకుండా సంతకం పెట్టించడానికి నాకు మనసొప్పలేదు. కేన్సర్ అని తెలిస్తే బెంగతోనే మంచం పడుతుందని మా బావలిద్దరూ వారించారు. వాళ్ళ భయంలో ప్రేమే ఉంది, కాదనను. కానీ అత్తయ్యే ఒక సాయంత్రం నన్ను పిలిచి, "మీరందరూ కలిసి నా దగ్గర దాస్తున్నదేంట్రా అబ్బాయ్?" అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత "మందుందా లేదా, ముందది చెప్పు" అంటూ కళ్ళజోడు తీసుకుని కాగితం మొత్తం చదివి సంతకం పెట్టింది.

ఆ బ్లాకు పట్టుకుని విశాఖపట్నంలో ఒక కేన్సర్ నిపుణురాలిని కలిశాం. సీడీ 117, డాగ్ 1 అనే రెండు పరీక్షలూ పాజిటివ్ వచ్చి జిస్ట్ అని తేలింది. ఈ కణితుల్లో ఎక్కువ వాటికి మూలం కిట్ అనే జన్యువులోని మార్పేనని 1998లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. మామూలు కీమోథెరపీకి లొంగని ఈ జబ్బుకు 2002 నుంచి ఇమాటినిబ్ మాత్రలు వాడుతున్నారు. జన్యువులో మార్పు ఎక్కడుందో చూశాకే డాక్టరుగారు రోజుకు 400 మిల్లీగ్రాములు రాశారు. ఆ మందు మీద నోవార్టిస్ అనే స్విస్ మందుల కంపెనీ కోరిన పేటెంటును మన సుప్రీంకోర్టు 2013లో తోసిపుచ్చింది. అందువల్ల మన దేశంలో తయారయ్యే మాత్రలే మాకు అందుబాటు ధరలో దొరికాయి.

మాత్రను అన్నం తిన్న వెంటనే పెద్ద గ్లాసుడు నీళ్ళతో వేసుకోవాలి. ఉదయానికి కళ్ళ చుట్టూ వాపు, రాత్రిళ్ళు పిక్కలు పట్టేయడం చాలా రోజులు ఉన్నాయి. గ్రేప్‌ఫ్రూట్ ఈ మందు రక్తంలో మోతాదు మించేలా చేయగలదని, అదే జాతి కనుక పంపరపనస కూడా మానమని డాక్టరుగారు చెప్పినప్పుడు మాత్రం, పెరట్లో చెట్టున్న అత్తయ్య నిజంగా నొచ్చుకుంది.

కణితి చిన్నదయ్యాక ఆపరేషన్ చేసి, జీర్ణాశయంలో ఆ భాగం వరకే తీసేశారు. కోలుకోవడం నెమ్మదిగానే సాగింది, కానీ రక్తం మళ్ళీ తగ్గలేదు. మాత్రలు మూడేళ్ళపాటు వాడాలన్నారు. ఈమధ్య తీసిన స్కాన్‌లో ఏమీ కనిపించలేదని చెప్పగానే, నాకంటే ముందు అత్తయ్యే డాక్టరుగారిని అడిగింది: "మూడేళ్ళయ్యాక మాత్రలు ఆపితే అది మళ్ళీ రాదా అమ్మా?" రావచ్చు, అందుకే ఆ తరవాత కూడా స్కాన్లు మానకూడదని ఆవిడ అత్తయ్య వైపే తిరిగి, విడమరిచి చెప్పారు.