తిరుపతి చుట్టుపక్కల స్థలమా? ముందు వాన నీళ్ల వంక ఎటు పోతుందో చూడండి

తిరుపతిలో స్థలం ధర అంకణాల్లో చెబుతారు. ఇక్కడి అంకణం 36 చదరపు అడుగులు, నెల్లూరు అంకణం 72. నెల్లూరు చుట్టం చెప్పిన రేటుతో పోల్చుకుని కంగారు పడొద్దు. 30×40 సైటు మన లెక్కలో 33 అంకణాల చిల్లర.

ధర సంగతి తర్వాత, ముందు నీళ్ల సంగతి. శేషాచలం కొండల్లో కురిసిన వాన కపిలతీర్థం, మాల్వాడి గుండం మీదుగా దిగి, ఊరు దాటి, దక్షిణాన స్వర్ణముఖిలో కలవాలి. మధ్యలో చెరువులు, వాటి మొరవల (నిండిన చెరువు నీళ్లు పొర్లి పోయే చోటు) నుంచి సాగే వంకలు. ఒకప్పటి ఆయకట్టు కయ్యల్లో చాలావరకు ఇప్పుడు లేఅవుట్లే. వరి పోయింది గానీ వాలు ఎక్కడికీ పోలేదు. 2021 నవంబరు వానలకు ఆ సంగతి ఊరంతా చూసింది.

బ్రోచరు పక్కన పెట్టి సర్వేయరు దగ్గర ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం), గ్రామ పటం అడగండి. బ్రోచర్లో మాయమైన వంక అక్కడ కనబడుతుంది. నిబంధన ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే గీత నుంచి కొలవాలి, ఎండాకాలం కనబడే గట్టు నుంచి కాదు. 10 మీటర్లకు మించి వెడల్పున్న వంకకు 9, అంతకు లోపు వెడల్పున్న కాలవకు 2 మీటర్లు.

సైటు దగ్గరికెళితే కల్వర్టు చూడండి. 12 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు వంకకు అడ్డంగా మూడడుగుల గొట్టం ఒక్కటి వేసి రోడ్డు పోసి ఉంటారు. వంకది 48 చదరపు అడుగుల దారి, గొట్టానిది ఏడు. దాంట్లో నాలుగు కొబ్బరి బోండాలు, గుప్పెడు కవర్లు ఇరుక్కుంటే అదీ లేదు. కొత్తగా తోలిన ఎర్రమట్టి కింద అడుగు తవ్వితే నల్లమట్టి, మూలన తుంగ కనిపిస్తే అది నీళ్లు నిలిచే చోటే, ఇక అడగాల్సిందేం లేదు.

కాగితాల్లో 22ఏ జాబితా (రిజిస్ట్రేషను నిషేధించిన భూములు), డీకేటీ పట్టానా (ప్రభుత్వం పంచిన భూమి) కాదా, ఈసీ (పాత లావాదేవీల పత్రం) అందరూ చూస్తారు. తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చే ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్ అనుమతి నంబరు, ఉంటే సరిపోదు. 15 శాతం ప్లాట్లు తుడాకు తనఖాలో ఉంటాయి, మీది అందులో ఉందేమో అడగండి. అనుమతి లేని లేఅవుటయితే 'ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ రుసుము) కట్టేస్తే సరి' అంటారు. వంక పోరంబోకుకు, చెరువు భూమికి ఎల్ఆర్ఎస్ వర్తించదు.

పంచాయతీ లేఅవుట్లలో భూగర్భ డ్రైనేజీ ఉండటం అరుదు. సెప్టిక్ ట్యాంకుకు, బోరుకు యాభై అడుగుల ఎడం ఉండాలంటారు. 30×40లో మూల నుంచి మూలకు కొలిస్తేనే యాభై! పైగా పక్కింటి ట్యాంకు మీ బోరు పక్కనే ఉండొచ్చు. అందుకే ట్యాంకు తవ్వేముందు ఇరుగుపొరుగు బోర్లెక్కడున్నాయో చూసుకోండి. బోరుకు కేసింగు (పైమట్టి నీళ్లు లోపలికి రాకుండా దించే గొట్టం) గట్టి రాయి తగిలేదాకా దించండి, అక్కడ డబ్బు మిగిల్చుకోవద్దు.

బేస్‌మట్టం రోడ్డుకు మూడడుగుల ఎత్తన్నా ఉండాలి, సిమెంటు రోడ్డు మళ్లీ వేసిన ప్రతిసారీ అరడుగు పెరుగుతుంది. బాత్రూం గొట్టం రోడ్డు కాలవకన్నా కిందకి పెట్టించారో, గట్టి వాన పడ్డప్పుడు కాలవ నీళ్లే ఇంట్లోకొస్తాయి.