కొసరా, తరుగా, సరికి సరా: అమీన్లు నాకు ఎక్కిన తీరు

సీఎస్‌ఐఆర్ నెట్ కెమికల్ సైన్సెస్‌లో (లెక్చరర్ ఉద్యోగానికీ, పరిశోధన ఫెలోషిప్‌కూ రాసే పరీక్ష) రెండుసార్లు పోయి మూడోసారి గట్టెక్కినవాణ్ణి. ర్యాంకర్ని కాదు కాబట్టి టైంటేబుల్ చెప్పను. నైట్రోజన్ కాంపౌండ్ల, ముఖ్యంగా అమీన్ల (అమ్మోనియాలో హైడ్రోజన్ పోయి కార్బన్ గ్రూపు చేరినవి), సింథసిస్ దగ్గర ఎట్లా బోల్తా పడిందీ, ఎట్లా లేచిందీ చెప్తాను.

అనంతపురంలో రూము. పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తినొచ్చి కూర్చుంటే మధ్యాహ్నం దాకా నేమ్ రియాక్షన్లు (కనిపెట్టినవాళ్ల పేర్లతో పిలిచే చర్యలు) బట్టీ పట్టడమే. గాబ్రియేల్, హాఫ్‌మన్, కర్టియస్, లాసెన్, ష్మిట్... నిద్రలో లేపి అడిగినా రీఏజెంట్లు చెప్పేవాణ్ణి. తీరా పరీక్షలో పేరు లేకుండా స్ట్రక్చర్ ఒక్కటే కనిపించేసరికి దిక్కు తోచలేదు. పార్ట్ సిలో ప్రశ్నకు 4 మార్కులు, తప్పయితే 1 కోత. కోతలే మిగిలినాయి.

ఆ ఎండాకాలం ఊరికి పోయినా. నాన్న శెనక్కాయలు అమ్మొచ్చి, మూటకింత తరుగు తీసినారని గొణుగుతున్నాడు. అమ్మేమో సంతలో వంకాయలకు కొసరు వేయించుకున్నానని మురిసిపోతోంది. హాఫ్‌మన్ చేసేదీ ఇదే కదా, అమైడ్ ఇస్తే ఒక కార్బన్ తరుగు తీసుకుని అమీన్ ఇస్తాడు!

ఆ రాత్రే నోట్సు తిరగరాసినా. పేర్లు కొట్టేసి మూడు కుప్పలు పెట్టినా. ఆల్కైల్ హాలైడ్‌కు సైనైడ్ తగిలించి లిథియం అల్యూమినియం హైడ్రైడ్‌తో రెడ్యూస్ చేస్తే ఒక కార్బన్ కొసరు. గాబ్రియేల్, అజైడ్ రిడక్షన్, నైట్రో రిడక్షన్ సరికి సరి, కార్బన్ల లెక్క మారదు. హాఫ్‌మన్, కర్టియస్, లాసెన్, ష్మిట్ నలుగురూ తరుగు బ్యాచ్. అసలు నలుగురిదీ ఒకే దారి: మధ్యలో ఐసోసైనేట్ అనే పదార్థం ఏర్పడటం. మొదలయ్యే పదార్థమే వేరు. ఒకడికి అమైడ్, ఒకడికి ఎసైల్ అజైడ్, ఒకడికి హైడ్రాక్సమిక్ యాసిడ్, చివరివాడికి నేరుగా కార్బాక్సిలిక్ యాసిడ్. నాలుగు మెకానిజాలు విడివిడిగా బట్టీ పట్టిన ఆర్నెల్లు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ తరుగు చర్యల్లో కార్బన్ మీంచి నైట్రోజన్ మీదికి వలసపోయే గ్రూపు తన కాన్ఫిగరేషన్ (చుట్టూ ఉన్న గ్రూపుల అమరిక) మార్చుకోదు. ఆర్ రూపంలోని 2-ఫినైల్‌ప్రొపనమైడ్‌కు బ్రోమిన్, సోడియం హైడ్రాక్సైడ్ ఇస్తే 1-ఫినైల్‌ఇథైలమీన్ వస్తుంది, అదీ ఆర్ రూపంలోనే. మాక్ టెస్టులో దీన్ని ఇన్వర్షన్ (అమరిక తిరగబడటం) అని దిద్ది వచ్చిన ఘనుణ్ణి నేను. ఇన్వర్షన్ అజైడ్ దారిలో వస్తుంది, అది ఎస్‌ఎన్2 (వెనక వైపు నుంచి వచ్చి తగులుకునే చర్య) కాబట్టి.

గాబ్రియేల్ పద్ధతి 1887 నాటిది, ఇప్పటికీ ప్రశ్నల గని. ఆరైల్ హాలైడ్ ఇస్తే మామూలుగా కదలదు, టెర్షియరీ హాలైడ్ ఇస్తే ఎలిమినేషన్. అందుకే ఆప్షన్లలో అనిలీన్ (బెంజీన్ రింగుకు నేరుగా తగిలిన అమీన్) కనబడితే చూపు తిప్పేయండి. ఉత్త అమ్మోనియాతో ఆల్కైలేషన్ చేస్తే ప్రైమరీ దగ్గర ఆగదు, నైట్రోజన్‌కు నాలుగు కార్బన్ గ్రూపులు తగిలిన క్వాటర్నరీ ఉప్పు దాకా పోతుంది. ఆ తలనొప్పి పోగొట్టడానికే గాబ్రియేల్ పద్ధతిలో అమ్మోనియా బదులు థాలిమైడ్.

రిడక్టివ్ అమినేషన్‌లో (కార్బొనైల్‌కు అమీన్ కలిపి, వచ్చిన ఇమీనియంను రెడ్యూస్ చేసే పద్ధతి) సోడియం సైనోబోరోహైడ్రైడ్ ఎందుకని అడిగితే ఒకటే మాట: పీహెచ్ 6, 7 దగ్గర అది కార్బొనైల్‌ను దాదాపు ముట్టదు, ఇమీనియంను పట్టుకుంటుంది.

అనిలీన్ నైట్రేషన్ చూసుకున్నారా? అమీన్ గ్రూపు కొత్త గ్రూపును రింగులో ఆర్థో, పారా స్థానాలకే పంపాలి కదా, మరి మెటా 47 శాతం ఎందుకు? ఆమ్లంలో అది ప్రోటాన్ పట్టుకుని అనిలీనియం అయిపోతుంది, అది మెటాకు పంపుతుంది. నన్ను ముంచిన ప్రశ్నల్లో ఇదొకటి. అనిలీన్ నుంచి డయజోనియం ఉప్పు చేసేటప్పుడు 0 నుంచి 5 డిగ్రీలు మరవద్దు. మన అనంతపురం ఎండకు ఐస్ బాత్ లేకుంటే బీకరులో ఫినాల్ మిగులుతుంది.

హెటెరోసైకిళ్లకు (రింగులోనే నైట్రోజన్ లాంటి పరమాణువు ఉన్నవాటికి) నా తరుగు లెక్క సరిపోదు, ఒక్క ఫిషర్ ఇండోల్‌కు తప్ప. అక్కడ తరుగు కార్బన్‌ది కాదు, నైట్రోజన్‌ది. హైడ్రజోన్‌లోని రెండు నైట్రోజన్లలో ఒకటి అమ్మోనియాగా వెళ్లిపోతుంది. ఏది ఉంటుంది, ఏది పోతుంది? బెంజీన్ రింగును అంటిపెట్టుకున్నదే ఉంటుంది. నమ్మకుంటే ఈ రాత్రికి బాణాలేసి గీసి చూడండి, [3,3] మార్పు (నైట్రోజన్ల మధ్య బంధం తెగి కార్బన్ల మధ్య కొత్త బంధం పడే మెట్టు) దగ్గర తికమకపడితే నాకు రాయండి.