తేలే గోల్‌పోస్టు: కుడి చెయ్యి నీళ్లు తాగింది

శనివారం మా రెండో మ్యాచ్‌లో మూడో క్వార్టర్ నడుస్తుండగా, నేను పైపులతో చేసిన తేలే వాటర్ పోలో (నీళ్లలో ఈదుతూ ఆడే బంతి ఆట) గోల్ కుడి మూల పై బార్ నీటి నుంచి ఎంత ఎత్తుందో కొలిస్తే 84 సెంటీమీటర్లు వచ్చింది. ఉండాల్సింది 90. ఆరు సెంటీమీటర్లే కదా అనుకోవచ్చు. అమ్మాయిల వాటర్ పోలో బంతి నాలుగో సైజు, చుట్టుకొలత 65 నుంచి 67 సెంటీమీటర్లు, అంటే వ్యాసం సుమారు 21. ఆ మూల గోల్ ఎత్తు బంతిలో పావు వంతుకు పైగా తగ్గిపోయిందన్నమాట. మా నల్గొండ పిల్ల ఒకతి గోలీ (గోల్‌కీపర్) తల మీదుగా ఎత్తి వేసిన బంతి సరిగ్గా అక్కడే బార్‌కు తగిలి వెనక్కి వచ్చింది. బార్ తన ఎత్తులో ఉంటే అది గోలే. ఎండాకాలం మొదలైనప్పటి నుంచి పొద్దున్నే వచ్చి ఆ ఒక్క షాట్ కోసం భుజం నొప్పి పుట్టేదాకా వేసుకున్న పిల్ల అది. అందుకే ఈసారి రాసేదంతా ఆ కుడి మూల గురించే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పాలమూరులో శని, ఆదివారాల్లో పదిహేనేళ్ల లోపు ఆడపిల్లలకు నాలుగు జట్ల టోర్నమెంట్. మావాళ్లు తొమ్మిది మంది వెళ్లారు. ఏడుగురు నీళ్లలో, ఇద్దరు గట్టు మీద. రెండు గెలిచారు, చివరిది 5-6తో చేజారింది. గోల్ ఫ్రేము టాటా ఏస్ మీద దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా చిన్న గీత కూడా పడకుండా చేరింది. వల చిరగలేదు, కొత్త టోపీల చెవి కప్పులు ఊడలేదు.

ఫ్రేము ఎలా ఉంటుందో చెప్తాను. లోపలి వెడల్పు 3 మీటర్లు. పై బార్, రెండు పోస్టులు 75 ఎంఎం పైపు. పోస్టు కింద నుంచి వెనక్కి ఒక్కో పక్క 1.3 మీటర్ల చెయ్యి. అది 160 ఎంఎం పైపు, రెండు కొసలకూ క్యాపులు. ముందు కొస దగ్గర టీ జాయింటు, దాంట్లోంచి పోస్టు పైకి లేస్తుంది. వెనక రెండు చేతుల్నీ 110 పైపు కలుపుతుంది. ఒక్కో చేతిలో దాదాపు 24 లీటర్ల గాలి. మొత్తం బరువు 20 కేజీల లోపే కాబట్టి తేలడానికి ఢోకా లేదు. నల్గొండలో ఇంటి సంపులో రాత్రంతా తేలనిచ్చి చూస్తే లోపలికి చుక్క కూడా పోలేదు. పాలమూరులో అవతలి గోల్ గోడకు బిగించిన ఇనుప ఫ్రేము, ఇవతలిది మాది.

తేడాను ముందు పట్టుకున్నది మా మేనకోడలు. తనే మా గోలీ. మొదటి సగంలో మా ఫ్రేము కిందే నిలబడింది. రెండో క్వార్టర్ అవ్వగానే గట్టు దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, "మామా, బార్ కిందికొచ్చింది చూడు. పొద్దున చెయ్యి మొత్తం చాపితేగాని అందలే, ఇప్పుడు మోచెయ్యి వంగి ఉండంగనే తాకుతుంది" అంది. నీళ్లలో కాళ్లు ఆడిస్తూ నిలబడే పిల్లకు ఆ ఎత్తు ఒంటికే తెలిసిపోతుంది. అప్పుడు టేపు పెట్టి చూస్తే ఎడమ 90, కుడి 85.

మొదటి అనుమానం తాళ్ల మీద. గోల్‌ను రెండు పక్కలా గోడ కొక్కేలకు కట్టాం. కుడి కొక్కెం ఎడమ దానికంటే జానెడు కిందుంది, తాడు కిందికి గుంజుతోందేమో అనుకుని వదులు చేశాను. అర సెంటీమీటరు కూడా లేవలేదు. రెండోది వల. నైలాన్ వల పొడిగా 1.6 కేజీలు, తడిస్తే 2.3. కానీ ఆ బరువు రెండు పక్కలా సమానంగా పడుతుంది, ఒక్క పక్కే ఒరగదు. మూడోది, పిల్లలెవరైనా పోస్టు పట్టుకుని వేలాడుతున్నారేమోనని. పోస్టు పట్టుకుంటే ఎలాగూ ఫౌలే, రెఫరీ ఊరుకోరు. పైగా వదిలేశాక పోస్టు తిరిగి లేవాలి కదా, లేవడం లేదు. ఈలోపు మూడో క్వార్టర్ మొదలైంది, బార్ ఇంకో సెంటీమీటరు దిగింది, పైన చెప్పిన షాట్ పోయింది.

ఆ క్వార్టర్ కాగానే ఫ్రేము కుడి చెయ్యి పట్టుకుని ఊపాను. లోపల నీళ్లు అటూ ఇటూ కొట్టుకున్న చప్పుడు.

రెండు నిమిషాల విరామంలో పైపు విప్పి నీళ్లు తీయడం కుదిరే పని కాదు. బెంచి మీదున్న ఒక పిల్ల, "అంకుల్, బావిల ఈత నేర్చేటప్పుడు నడుముకు డబ్బా కడ్తరు గదా, దీనికి గూడ ఒకటి కట్టుండ్రి" అంది. వంటవాళ్ల దగ్గర ఖాళీగా పడున్న 5 లీటర్ల నూనె డబ్బా తెచ్చి, మూత గట్టిగా బిగించి, చేతి ముందు కొస కింద తాడుతో కట్టాం. 84 నుంచి 89కి లేచింది. నాలుగో క్వార్టర్ అలాగే ఆడించాం. మా ఊళ్ల బావుల్లో ఈత నేర్చిన పిల్లలకు నీళ్ల లెక్క పుస్తకం చూడకుండానే తెలుసు. ఆ మాట విన్నప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది.

రాత్రి పత్తి తూచే కాంటాకు రెండు చేతుల్నీ వేలాడదీశాను. ఎడమది 5.1 కేజీలు, కుడిది 8.6. అంటే మూడున్నర లీటర్ల నీళ్లు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. మూడున్నర కేజీలు చెయ్యంతా సమానంగా పరుచుకుంటే ఆ పక్క రెండు సెంటీమీటర్లు దిగాలి, ఆరు కాదు. కానీ పైపులో నీళ్లు పరుచుకుని ఉండవు. పోస్టు బరువు ముందు కొసన ఉంది కాబట్టి చెయ్యి కొంచెం ముందుకు వంగుతుంది, నీళ్లు అటే ఉరుకుతాయి, దాంతో ఇంకా వంగుతుంది. లోపల గది గదిగా అడ్డాలు ఉంటే ఇంత ఒరిగేది కాదు.

సంపులో చుక్క పోనిది ఇక్కడ మూడున్నర లీటర్లు ఎలా పోయింది? క్యాపులో రంధ్రం పెట్టి నీళ్లు తీసేసి, అదే రంధ్రంలో సైకిల్ ట్యూబు వాల్వు బిగించి, పంపుతో ఒక్క పీఎస్ఐ గాలి కొట్టి సబ్బు నీళ్లు పూశాను. టీ జాయింటు అడుగున, నీటిలో మునిగే చోట, చిన్న చిన్న బుడగలు వరసగా వచ్చాయి. గాలి వదిలేస్తే ఆగిపోయాయి. అంటే ఒత్తిడి ఉంటేనే కారే చోటు అది. తేలే పైపు కొన్ని సెంటీమీటర్ల లోతుకే మునుగుతుంది, ఆ నీటికి లోపలికి దూరేంత బలం లేదు. మరి ఒత్తిడి ఎక్కడి నుంచి వచ్చింది?

నాకు తోచిన సమాధానం ఎండ. సంపులో పెట్టిన రాత్రి పైపూ నీళ్లూ ఒకే వేడిలో ఉన్నాయి. శనివారం అలా కాదు. ఫ్రేము పొద్దునంతా బండి మీద ఎండలో ప్రయాణం చేసి వచ్చి నేరుగా నీళ్లలో దిగింది. మధ్యాహ్నం మామూలు బ్యాచ్ పిల్లల ఈత కోసం కొలను ఖాళీ చేయాల్సి వచ్చి, దాన్ని బయటికి తీసి గట్టు మీద పెట్టాం, మూడింటికి మళ్లీ దించాం. ఎండలో లోపలి గాలి వ్యాకోచించి ఆ జాయింటు గుండా కొంత బయటికి పోతుంది. చల్లటి నీళ్లలో పెట్టగానే మిగిలిన గాలి ముడుచుకుని, పోయిన చోటు నుంచే నీళ్లు పీలుస్తుంది.

ఆదివారం దీన్ని కొలిచాను. మిగిలిన 160 పైపు ముక్కలో థర్మామీటరు పెట్టి, రెండు కొసలూ మూసి గట్టు మీద ఎండలో వదిలితే లోపలి గాలి 52 డిగ్రీలకు చేరింది. కొలను నీళ్లు 29. 273 కలిపి కెల్విన్లలో లెక్కేస్తే 325 నుంచి 302కి పడిపోవడం, అంటే 7 శాతం. 24 లీటర్లలో 7 శాతం 1.7 లీటర్లు. రెండుసార్లు దించాం కాబట్టి 3.4. కాంటా చెప్పింది 3.5. ఒత్తిడి లెక్కా కుదిరింది. గాలి పీడనం 7 శాతం తగ్గితే అది 70 సెంటీమీటర్ల నీటి ఎత్తుకు సమానం, అదే ఒక పీఎస్ఐ. సబ్బు బుడగలు వచ్చింది సరిగ్గా ఆ ఒత్తిడి దగ్గరే.

ఒక ప్రశ్న మిగులుతుంది. మధ్యాహ్నం గాలి మళ్లీ వేడెక్కినప్పుడు పొద్దున తాగిన నీళ్లను బయటికి ఎందుకు నెట్టలేదు? వల ఆరాలని ఫ్రేమును గట్టు మీద బోర్లించి పెట్టాం. కారే చోటు పైకి వచ్చింది. వేడి గాలి దాంట్లోంచి వెళ్లిపోయింది, నీళ్లు కిందే ఉండిపోయాయి.

ఆదివారం జాయింటును ముట్టుకోలేదు, కావాలనే. తెల్లవారకముందే ఫ్రేమును నీళ్లలోకి దించి, నీటి పైన కనిపించే చేతుల మీద తడి గోనె సంచులు కప్పి, మ్యాచ్‌లయ్యేదాకా బయటికి తీయలేదు. పొద్దున పదకొండింటి ఎండలో కూడా కుడి మూల 89.5 దగ్గర నిలబడింది. చివరి మ్యాచ్ ఒక్క గోల్ తేడాతో పోయినా బార్ వల్ల ఎవరి షాటూ పోలేదు, నాకు ఆ తృప్తి ఉంది.

ఎడమ జాయింటు బాగుండి కుడిది ఎందుకు కారిందన్నది ఇంకా అనుమానమే. ఎడమది పొద్దున్నే అతికించింది, కుడిది మిట్టమధ్యాహ్నం. ఏప్రిల్ ఎండకు సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) బ్రష్ మీదే చిక్కబడిపోతుంది, పైపు టీలోకి పూర్తిగా దిగేలోపే తొక్క కడుతుంది. 110 దాటిన పైపులకు మామూలు పల్చటి సొల్యూషన్ పనికిరాదని నా గట్టి అభిప్రాయం. పెద్ద సైజుకు చిక్కటిదే కావాలి, అదీ సూర్యుడు రాకముందు, ఒకరు పట్టుకుంటే ఒకరు తోస్తూ. కారే చోట పైన పూసే గట్టి ముద్దల మీద నాకు నమ్మకం లేదు. బంతి తగిలినప్పుడల్లా ఫ్రేము కొద్దిగా వంగుతుంది, గట్టి ముద్ద అలా వంగలేదు. పైపుల విషయానికొస్తే సుధాకర్ పైపులే నాకు నచ్చాయి. సూర్యాపేటవి కాబట్టి ఇక్కడ తేలిగ్గా దొరుకుతాయి, 160లో గుండ్రం చక్కగా ఉంటుంది, టీలో ఎక్కడా సందు రాదు.

బంతి గురించి కూడా ఒక మాట. షాపుల్లో అడిగితే మగపిల్లల ఐదో సైజే చేతికిస్తారు, అది 68 నుంచి 71 సెంటీమీటర్లు. పన్నెండేళ్ల పిల్ల అరచేతిలో అది నిలవదు, ఒంటి చేత్తోనే పట్టాలి కదా. మగవాళ్ల వాటర్ పోలో 1900 నుంచీ ఒలింపిక్స్‌లో ఉంది, ఆడవాళ్లది 2000లో సిడ్నీకి గానీ రాలేదు. ఇక్కడ షాపులకు ఆ కబురు ఇంకా అందాల్సి ఉంది. వెతికైనా నాలుగో సైజే కొనండి. మికాసా కంపెనీ బంతి ధర ఎక్కువే, కానీ తడి చేతికి పట్టు బాగుంటుంది. గాలి 7 నుంచి 8 పీఎస్ఐ మధ్య ఉంచండి. ఎక్కువ కొడితే చిన్న చేతుల్లోంచి జారుతుంది.

ఇక చేయబోయేవి. రెండు చేతుల టీలనూ కోసేసి, చిక్కటి సొల్యూషన్‌తో తెల్లవారుజామున కొత్తవి అతికిస్తాను. అది ఒక్కటే చాలదు, ఏ జాయింటైనా ఎప్పుడో ఒకప్పుడు కారుతుంది. కాబట్టి లోపల ఈత నేర్చే పిల్లలు పట్టుకునే ఫోమ్ కర్రలు దూర్చాలి. ఆరు సెంటీమీటర్ల లావువి 160 పైపులో పక్కపక్కన నాలుగు పడతాయి. అప్పుడు సగానికి పైగా చోటు ఫోమ్‌దే, నీళ్లు వచ్చినా చేరడానికి జాగా తక్కువ, ఒక కొసకు ఉరకడం కూడా తగ్గుతుంది. థర్మాకోల్ వద్దు, గింజలు రాలితే కొలను ఫిల్టరుకు ప్రమాదం.

ఒత్తిడే పుట్టకుండా గాలి ఆడే దారి కూడా పెడతాను. ఇప్పుడు పోస్టు అడుగున బిరడా ఉంది, అది తీసేస్తే చేతిలోని గాలి పోస్టులోకి, అక్కడి నుంచి పై బార్‌లోకి పోతుంది. బార్ అడుగున 3 ఎంఎం రంధ్రం ఒకటి చాలు. నీటికి 90 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి చిందే నీళ్లు లోపలికి పోవు, ఎండకు గాలి వేడెక్కినా చల్లబడినా అక్కడి నుంచే వచ్చిపోతుంది. చేతులకు తెల్ల రంగు వేసి, ముందు కొస మీద సెంటీమీటరుకో గీత గీస్తాను. టేపు అక్కర్లేకుండా గట్టు మీంచే రెఫరీకి తేడా కనిపిస్తుంది.

ఆ తర్వాత రెండో గోల్. దీంట్లో అసలు కష్టం వేరే. నీళ్ల లోతు 1.5 మీటర్లు, ఆపైన ఉంటే బార్ నీటికి 90 సెంటీమీటర్లు, అంతకంటే తక్కువైతే కొలను అడుగు నుంచి 2.40 మీటర్లు ఉండాలి. మేం ప్రాక్టీస్ చేసే కొలను ఒక చివర నాలుగు అడుగులే, అంటే బార్ నీటి మీద 1.18 మీటర్లు లేవాలి. పోస్టుల్లో 90 పైపు స్లీవులు పెట్టి 28 సెంటీమీటర్లు పైకి జరిగేలా చేయాలనుకుంటున్నాను. బార్ అంత పైకి పోతే ముందుకు ఒరిగే బలం పెరుగుతుంది. చేతుల్ని 1.6 మీటర్లకు పొడిగిస్తే సరిపోతుందా, లేక పోస్టు ముందుకు ఇంకో జానెడు పైపు సాగదీయాలా అన్నది ముందు సగం సైజు నమూనా చేసి, మా సంపులో తేల్చి చూస్తాను. ఈసారి మధ్యాహ్నం ఎండలో పెట్టాకే దించుతాను.