దుబాయ్ ఎన్ని గంటలు? హనుమకొండలో కూర్చుని వేసిన లెక్క

మేనల్లుడి టికెట్ మీద శంషాబాద్‌లో పొద్దున 10:00, దుబాయ్‌లో 12:15 అని ఉంది. ఇంట్లో అందరూ రెండుంబావు గంటలే అనుకున్నారు. తిరుగు టికెట్ చూస్తే అక్కడ రాత్రి 10:00, ఇక్కడ తెల్లవారుజామున 3:00. అంటే ఐదు గంటలా? రెండూ కావు. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. మన గడియారం దుబాయ్ కంటే గంటన్నర ముందుంటుంది. పోయేటప్పుడు ఆ గంటన్నర కలపాలి, వచ్చేటప్పుడు తీసేయాలి. అప్పుడు పోను 3:45, రాను 3:30 వస్తుంది.

ఇది సరైనదేనా అని దూరంతో సరిచూశాను. శంషాబాద్ 17.2 ఉత్తర అక్షాంశం, 78.4 తూర్పు రేఖాంశం. దుబాయ్ 25.2, 55.4. అక్షాంశాల తేడా 8 డిగ్రీలు. రేఖాంశాల తేడా 23 డిగ్రీలే కానీ భూమధ్యరేఖ నుంచి పైకి పోయేకొద్దీ ఆ గీతలు దగ్గరవుతాయి. అందుకే నడిమి అక్షాంశం 21 డిగ్రీల కొసైన్, అంటే 0.93తో గుణించాలి: 21.4. ఎనిమిది వర్గం, 21.4 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 22.8. డిగ్రీకి 111 కిలోమీటర్లు. దాదాపు 2,540 కి.మీ. తేలింది.

గంటకు 850 కి.మీ. చొప్పున అది మూడు గంటలు. టికెట్ టైమ్ మాత్రం విమానం గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు చేరేదాకా. విమానం రన్‌వే దాకా నేల మీద దొర్లడం, గాల్లోకి ఎక్కడం, దిగడం కలిపితే ఇంకో అరగంట, ముప్పావుగంట. మిగతాది గాలి. చలికాలంలో ఎత్తులో పడమటి గాలి బలంగా వీస్తుంది. గంటకు 80 కి.మీ. గాలి ఉంటే పోయేటప్పుడు ఎదురుగా 3:18, వచ్చేటప్పుడు వెనుక నుంచి 2:44.

అమెరికాకు మాత్రం ఈ లెక్క వాడొద్దు. షికాగోకు నేనూ ఇలాగే వేస్తే 16,300 కి.మీ. వచ్చింది. అసలు దూరం సుమారు 13,280. గోళం మీద దగ్గరి దారి అట్లాంటిక్ మీదుగా అడ్డంగా పోదు, ఉత్తరాన 79 డిగ్రీల దాకా, ధ్రువం పక్కగా వంగుతుంది. మన పటం దాన్ని చూపించదు. అంత దూరానికి గోళం సూత్రమే కావాలి.

గగనంలో గంటలు తేలినా నేల మీద గంటలు మిగిలే ఉంటాయి. ఎయిర్‌పోర్టులో 3 గంటలు ముందుండాలి. హనుమకొండ నుంచి ఘట్‌కేసర్, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శంషాబాద్‌కు మూడున్నర గంటలు పెట్టుకుంటాను. 10:00 విమానానికి తెల్లవారుజామున 3:30కే బయలెల్లాలి. అసలు పొరపాటు జరిగేది అర్ధరాత్రి విమానాలకే: 15వ తేదీ 00:30 అని ఉంటే ఇల్లు కదలాల్సింది 14 సాయంత్రం 6:00కు. 15 రాత్రి అనుకుంటే విమానం పోయి దాదాపు రోజవుతుంది. మేడారం జాతర నుంచి జనం మళ్లే రోజుల్లో అయితే ఇదే రోడ్డుకు ఇంకో రెండు గంటలు కలుపుతాను.